కాకయ్య బొట్టు పెట్టిన లైటు

కాకయ్య ఇక లేడన్న కబురు వచ్చినప్పుడు నేను వర్క్‌షాపులో ఉన్నాను. ఎదురుగా ఒక డాక్టరుగారు నిలబడి ఉన్నారు. ఆయన డీజిల్ బండి మీటర్ల దగ్గర పసుపుపచ్చ లైటు వెలిగింది. "సార్, బండి చెడిపోలేదు. పొగ బయటికి పోయే దారిలో ఒక జల్లెడ ఉంటుంది, మసినంతా అది పట్టి ఉంచుతుంది. హైవే మీద కాసేపు ఆగకుండా పరుగెత్తిస్తే ఆ వేడికి మసి దానంతట అదే కాలిపోతుంది" అని చెబుతున్నాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ చెప్పే మాటే. ఫోను మోగింది. ఆసుపత్రి వాళ్లు హిందీలో రెండు ముక్కలు చెప్పి పెట్టేశారు. ఫోను జేబులో వేసుకుని, "హైవే మీదే తిప్పాలి సార్, ఊళ్లో కాదు" అని వాక్యం పూర్తి చేశాను. డాక్టరుగారు "చాల్శే, చాల్శే" అన్నారు. నడుస్తుందిలే అని అర్థం. సూరత్‌లో సగం ఊరు ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు. అందుకే ఈ నాలుగు మాటలు కాస్త గరుకుగా ఉంటాయి, చదివేవాళ్లు మన్నించాలి. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మంచే చెబుతాను. కానీ మా కాకయ్య మంచితనంలో సగం మొండితనమే. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో విడదీయడం నా వల్ల కాదు.

కాకయ్య మా నాన్నకు తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సాంచాలు నడపడానికి సూరత్ వచ్చారు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. నాన్న నా చిన్నతనంలోనే పోతే, లింబాయత్ గల్లీలోని ఆ చిన్న ఇంట్లో కాకయ్య, చిన్నమ్మ నన్ను పెంచారు. వాళ్లకు పిల్లలు లేరు. నేనే కొడుకునూ కూతురునూ. ఆడపిల్ల బండ్ల చదువు చదవడమేమిటని మా వాళ్లంతా నవ్వుతుంటే, "నా బిడ్డ ఇంజను విప్పితే మీరంత నోరు విప్పరు" అని వాళ్ల నోరు మూయించి నన్ను డిప్లొమాలో చేర్పించింది ఆయనే.

ఊరి బయట హైవే దారిలో ఉన్న జోల్వాలో, ఒక సేఠ్ కార్ఖానాలో చాలా ఏళ్లు సాంచాలు నడిపాడు. తర్వాత నూలు టెంపో నడిపాడు. చివరికి సేఠ్ కారు డ్రైవరయ్యాడు. వరసగా మోగే సాంచాల మధ్య నిలబడి ఏ సాంచాలో పోగు తెగిందో చెవితో పట్టేసేవాడట. ఆ చెవినే నమ్ముకుని బండి నడిపాడు. నాకు డ్రైవింగు నేర్పేటప్పుడు మీటర్ల వైపు చూస్తే చాలు, మోచేత్తో పొడిచేవాడు.

"అటెందుకు చూస్తున్నవ్ బిడ్డా? అది కంపెనోడు రాసింది. ఇంజను ఏమంటుందో విను జర."

ఈ మాట చాలా గొప్పగా వినబడుతుంది. పాత అంబాసిడర్ల కాలంలో నిజమే కూడా. కానీ నేను పనిచేసేది కంప్యూటరు తగిలిస్తే తప్ప పెదవి విప్పని బండ్ల మధ్య. వాటికి జబ్బు చేస్తే శబ్దం రాదు, లైటు వస్తుంది. ఈ సంగతి కాకయ్యకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

సేఠ్ జర్మన్ కంపెనీ డీజిల్ బండి కొన్నప్పుడు కాకయ్య ఆనందం చూడాలి. కొత్త పెళ్లికొడుకులా తిరిగాడు. 'శుభ్రమైన డీజిల్' అని కంపెనీ వాళ్లు కాగితాల మీద గొప్పగా అచ్చేసి ఇచ్చారు. పొగలో విషం తగ్గించడానికి అందులో యూరియా కలిపిన నీళ్లు పోయాలని, దానికి వేరే టాంకీ ఉందని నేను చూపించాను. నీలిరంగు మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"యూరియానా? పొలానికి చల్లేదా?"

"అదే కాకా. కాకపోతే బాగా వడగట్టింది."

"మనూర్ల యూరియా బస్తా కోసం పొద్దుగాల చెప్పులు లైన్ల పెట్టి నిలవడ్తరు. గీడ బండికి తాపుతున్నరా? ఇగ దీనికి ఎడ్లకు పెట్టినట్టు దాణ గూడ పెట్టాల్నేమో."

చిన్నమ్మ నవ్వలేక కడుపు పట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడు యూరియా నీళ్లు పోయించినా, ఇంటికొచ్చి "ఇయ్యాల మందు చల్లినం" అని చెప్పేవాడు.

ఆ బండికి ఇంకో చిత్రమైన అలవాటు ఉండేది. జోల్వా నుంచి వేగంగా వచ్చి ఆపితే, తాళం తీసేశాక కూడా ముందున్న ఫ్యాను గుయ్‌మని కాసేపు తిరిగేది. లోపలి వేడి దిగడానికి అది. వేరే డ్రైవర్లు బండి పాడైందని కంగారుపడి మా వర్క్‌షాపుకు తెచ్చేవాళ్లు. కాకయ్య కంగారుపడలేదు. ఆ ఫ్యాను ఆగేదాకా సీట్లోంచి లేచేవాడు కాదు, నేను పక్కనుంటే నన్నూ దిగనిచ్చేవాడు కాదు. "ఆగు బిడ్డా. దాని ఆయాసం తీరనీ" అనేవాడు. ఎండలో, ఆకలి మీద, చెమటలు కారుతున్నా సరే. నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఆ తర్వాతి దసరాకు సేఠ్ కొడుకు హైబ్రిడ్ తెచ్చాడు. పెట్రోలు ఇంజనూ బ్యాటరీ రెండూ ఉన్న బండి. కాకయ్యే పూజ చేశాడు. పసుపు కుంకుమలు పెట్టాడు, గుమ్మడికాయ కొట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. సేఠ్ ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు. కాకయ్య బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. లేదు. చెవి స్టీరింగుకు ఆనించి మళ్లీ నొక్కాడు. పాపం, ఆ బండి మొదటిసారే సిద్ధమైంది. బ్యాటరీ మీద ఉంటే చప్పుడేం వస్తుంది? ఈయన నొక్కిన ప్రతిసారీ అది ఆరడం, వెలగడం, ఆరడం. సేఠ్ కొడుకు నవ్వుతూ వీడియో తీశాడు. నేను లోపలికి వంగి, "కాకా, 'రెడీ' అని రాసి ఉంది చూడు" అన్నాను.

"రెడీ అని రాస్తే అయితదా? పెండ్లికొడుకు రెడీ అంటే పెండ్లయినట్టేనా?" అన్నాడు. అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. కానీ ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం పళ్లెం పక్కకు జరిపేశాడు. "నోరు లేని బండి. పోరడు తనే నడుపుకుంటడట. డీజిల్‌ది అమ్మేస్తే ఇగ డ్రైవరెందుకు ఆ ఇంట్ల?" అన్నాడు చిన్నమ్మతో. అసలు భయం అది. మళ్లీ సాంచాల దగ్గరికి పోయే వయసు కాదు, ఊపిరితిత్తులూ అప్పటికే నూలు దుమ్ముతో సగం అరిగిపోయాయి. ఆ స్టీరింగు పోతే ఆయనకు సూరత్‌లో ఇంకేమీ లేదు.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. జోల్వాలో సాంచాలు ఆగిపోయాయి. మావాళ్లలో చాలామంది మూటలు నెత్తిన పెట్టుకుని నడిచి పోయారు. సేఠ్ కుటుంబం హైబ్రిడ్‌లో సౌరాష్ట్రలోని సొంతూరికి వెళ్లిపోతూ, వేసూలోని బంగళా తాళాలు, డీజిల్ బండి తాళం కాకయ్య చేతిలో పెట్టింది. "కాకా, గాడీ కా ఖయాల్ రఖ్‌నా" అన్నాడట సేఠ్. బండిని చూసుకో అన్నాడు, అంతే. ఏదో వెళ్తూ వెళ్తూ అనే మాట. కాకయ్య దాన్ని వ్రతంలా పట్టుకున్నాడు. లింబాయత్ నుంచి వేసూ దాకా, పోలీసులకు దండాలు పెట్టుకుంటూ, రోజూ పొద్దున్నే నడిచి పోయేవాడు. బండి తుడిచి, స్టార్ట్ చేసి, నిలబెట్టిన చోటే ఇంజనును నడవనిచ్చి, టీ తాగినంతసేపు విని, ఆపి వచ్చేవాడు. పాత డ్రైవర్లందరిదీ అదే ఆచారం. నిలబడ్డ బండిని రోజూ నిద్ర లేపాలి, లేకపోతే అలుగుతుంది.

ఆ బండికి సరిగ్గా అదే విషం. నిలబడి నడిచే ఇంజనుకు చాలినంత వేడి రాదు. మసి మాత్రం చేరుతుంది. లాక్‌డౌన్‌కు ముందు రోజూ జోల్వాకు హైవే మీద పోయి వచ్చేది కాబట్టి జల్లెడ ఎప్పటికప్పుడు తనను తాను కడుక్కునేది, ఎవరికీ తెలియకుండానే. నేను చెప్పాను. బతిమాలాను. అరిచాను.

"కాకా, స్టార్ట్ చేయకు. వదిలేయ్. బ్యాటరీ పోతే నేను చూసుకుంటాను."

"రోజు తిండి పెట్టేటోడు ఒక్కరోజు మానేస్తే గొడ్డు ఏమనుకుంటది?"

"అది గొడ్డు కాదు కాకా!"

"నీకు కంప్యూటర్ తెలుసు. నాకు బండి తెలుసు. ఇంజను చప్పుడు చక్కగుంది. నేను వింటున్న గదా."

చప్పుడు చక్కగానే ఉంది. ఆ జబ్బుకు చప్పుడుండదని ఎన్ని రకాలుగా చెప్పాలి? వర్క్‌షాపులో ధనవంతులు నా మాట వినరు, ఎందుకంటే నేను ఆడపిల్లను, "సర్‌ను పిలువమ్మా" అంటారు. ఇంట్లో ఈయన వినడు, ఎందుకంటే నేను ఈయన పెంచిన పిల్లను. ఇక బండి గురించి నేను చదివిందంతా ఎవరికి చెప్పుకోవాలి, తాపీ నదికా?

సేఠ్ వాళ్లు తిరిగి వచ్చారు. కార్ఖానా మెల్లగా తెరుచుకుంది. జోల్వాకు హైబ్రిడ్‌లో కొడుకు పోతున్నాడు. డీజిల్ బండి గుడికీ కూరగాయలకీ పరిమితమైంది, అన్నీ దగ్గర దగ్గర ప్రయాణాలు. ఆ రోజుల్లోనే ఒకసారి కాకయ్య నన్ను దారిలో దింపుతానని ఎక్కించుకుంటే, మీటర్ల అద్దం మీద ఎర్రగా బొట్టు కనిపించింది. అప్పుడు దసరా లేదు, శుక్రవారం కూడా కాదు. బండ్లకు బొట్టు బయట పెడతారు, బానెట్ మీద, స్టీరింగు మీద. మీటర్ల మీద ఎవరు పెడతారు? వేలు చాచబోతే నా చేయి పట్టుకున్నాడు.

"దేవుని బొట్టు. తుడవద్దు."

తుడిచాను. కింద పసుపుపచ్చ లైటు వెలుగుతోంది.

ఆయన రోడ్డు వైపే చూస్తూ నడిపాడు. "సేఠ్ చూస్తే నేనే ఖరాబు చేసిన్నంటడు" అన్నాడు.

"జోల్వా దాకా ఒక్కసారి పరుగెత్తించు కాకా. లైటు పోతుంది. ఒక్క గంట పని."

"ఆయనకు చెప్పకుండనా? బండి ఆయనది. నా షికారుకు తీస్కపోవాల్నా?"

"అయితే చెప్పి తీసుకుపో."

"చెప్తే లైటు సంగతి చెప్పాలె. లైటు సంగతి చెప్తే, ఇగ ఈ డీజిల్ లొల్లి ఎందుకని అమ్మేస్తడు."

"మా వర్క్‌షాపుకు తే. మిషను పెట్టి కాలుస్తాం."

"మీ కాడికి వస్తే ఆయన ఫోన్ల టింగుమని మెసేజి పోతది. నాకు తెల్వదా?"

చెప్పకుండా తీసుకుపోడు, ఎందుకంటే నిజాయితీ. చెప్పి తీసుకుపోడు, ఎందుకంటే భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఈయన మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను దింపేశాక వెనక్కి తిరిగి చూస్తే, జేబులోంచి కుంకుమ పొట్లం తీసి మళ్లీ బొట్టు పెడుతున్నాడు.

రెండోసారి కరోనా ఊరిమీద పడ్డప్పుడు సేఠ్ వాళ్లు మళ్లీ సొంతూరు వెళ్లారు, మళ్లీ తాళాలు కాకయ్యకిచ్చారు. ఒక మధ్యాహ్నం ఆయన నులకమంచం మీద కూర్చుని, రెండు మాటలకొకసారి ఊపిరి వెతుక్కుంటున్నాడు. అంబులెన్సుకు ఫోను చేస్తే లైను దొరకదు, దొరికితే బండి లేదు. గల్లీ మొగలో ఆటోవాళ్లు మొహం తిప్పుకున్నారు. ఆయన తలకాడి మేకుకు ఆ తాళం వేలాడుతోంది.

"సేఠ్‌ను అడగకుండ వద్దు బిడ్డా. సీట్లు ఖరాబైతయి" అన్నాడు, ఆ స్థితిలో.

నేను బయటికి వచ్చి సేఠ్‌కు ఫోను చేశాను. విషయం సగం చెప్పేలోపే ఆయన అరిచాడు. "అరే బేన్, ఇస్ మే పూఛ్‌నా క్యా! గాడీ లే జావ్!" అడగాల్సిన పనేముందమ్మా, బండి తీసుకుపో అన్నాడు. ఏ మనిషిని అడగడానికి కాకయ్య అన్ని నెలలు భయపడ్డాడో, ఆ మనిషే అంత తేలిగ్గా అన్నాడు.

స్కూటీ మీద వేసూ పోయి బండి తెచ్చాను. ఇరుగుపొరుగు వాళ్లు ముక్కుకు గుడ్డలు కట్టుకుని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. చిన్నమ్మ వెనక సీటు మీద దుప్పటి పరిచింది. ఇన్నేళ్లలో ఆయన ఆ బండి వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. నేను బొటనవేలితో బొట్టు తుడిచేశాను. లైటు ఇప్పుడు మిణుకుమిణుకుమంటోంది, పక్కన ఇంజను లైటు కూడా కలిసింది. జల్లెడ పూర్తిగా మూసుకుపోతే ఆ బండి తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటుంది. ఎంత తొక్కినా పాకుతుంది తప్ప పరుగెత్తదు. ఫ్లైఓవరు ఎక్కుతుంటే గుడ్డల మూటలు వేసుకున్న టెంపోలు హారను కొట్టుకుంటూ నన్ను దాటిపోయాయి. ఊళ్లో అంత ఖరీదైన బండి, అంత శుభ్రమైన డీజిల్, నా కాలు కింద పీనుగులా పడి ఉంది. నేను స్టీరింగును గుద్దాను. గట్టిగానే గుద్దాను.

వెనక నుంచి సన్నగా వినిపించింది. "ఎందుకు ఈడుస్తున్నవ్ బిడ్డా? గేరు మార్చు."

"నేను కాదు కాకా. బండే."

ఆయనకు అర్థమైంది. ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత అన్నాడు.

"రోజు స్టార్ట్ చేసిన గదనే. ఒక్కరోజు ఇడిసిపెట్టలే."

"అవును కాకా. ఒక్కరోజు కూడా మానలేదు" అన్నాను.

ఆసుపత్రి చేరాం. వరండాలో చాలాసేపటికి ఆక్సిజన్ దొరికింది. కొన్ని రోజులున్నాడు, పోయాడు. దారిలో పోయిన ఆ కాసేపటి వల్ల కాదమ్మా, ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయి అన్నాడు డాక్టరు. నేను మళ్లీ మళ్లీ అడిగాను. ప్రతిసారీ అదే చెప్పాడు. నమ్మాలనే ఉంది.

సేఠ్ తిరిగి వచ్చాక లైటు సంగతంతా చెప్పాను. తల పట్టుకుని కూర్చున్నాడు. అమ్మాలనుకున్న మాట నిజమేనట, కానీ కాకా ఉన్నన్నాళ్లు అమ్మేవాణ్ని కాదన్నాడు. పోయాక ఎవరైనా అంటారు ఈ మాట. నిజమో కాదో నాకు తెలియదు. నిజమైతే ఇంకా మంట. ఉన్నప్పుడు ఒక్కసారి ఆ ముక్క ఆయన చెవిన వేసి ఉంటే ఏం పోయేది? ఈయన అనలేదు, ఆయన అడగలేదు. ఇద్దరి మధ్య ఒక కుంకుమ బొట్టు.

అస్థికలు శ్మశానంలోనే అల్మారాలో ఉన్నాయి, ఇంట్లోకి తేకూడదు గనక. తాపీలో కలిపేద్దామన్నారు మావాళ్లు. చిన్నమ్మ ఒప్పుకోలేదు. "తాపీ గిట్లనే పోయి సముద్రంల పడ్తది. గోదారైతే మన దిక్కు పోతది. నాసిక్‌ల కలిపితే ధర్మపురి దాక పోతడు" అంది. సేఠ్ మారుమాట లేకుండా ఆ డీజిల్ బండే ఇచ్చాడు. మా వర్క్‌షాపులో మిషనుతో కొంత మసి కాల్చి, ఇంజను లైటు ఆర్పారు. జల్లెడ లైటు మాత్రం పోలేదు. మిగిలింది రోడ్డు మీదే కాలాలన్నారు. నాకే చెప్పారు ఆ మాట, నాకు!

వానలు మొదలయ్యాక బయల్దేరాం. కుండ చిన్నమ్మ ఒళ్లో ఉంది. పల్సానా దగ్గర జోల్వా వైపు మలుపు దాటాం. ఆపలేదు. సాపుతారా ఘాటెక్కాం, దిగాం. లైటు అలాగే ఉంది. నాసిక్ దగ్గరపడుతుండగా తిన్నటి రోడ్డు వచ్చింది, రెండువైపులా ద్రాక్షతోటలు. కాలు తీయకుండా తొక్కి పట్టాను. అంతమందికి అన్నిసార్లు చెప్పిన మాట, ఎవరూ నా కళ్లెదుట చేసి చూపించని పని. కాసేపటికి లైటు ఆరిపోయింది. చప్పుడేమీ లేదు. ఉన్నది లేకుండా పోయింది, అంతే. అద్దం మీద మాత్రం కుంకుమ మరక లేతగా మిగిలింది.

"ఏమైంది బిడ్డా, ఏడుస్తున్నవ్?" అంది చిన్నమ్మ.

"లైటు పోయింది చిన్నమ్మా."

ఆమె కుండను కాస్త దగ్గరికి జరుపుకుంది.

రేవు దగ్గర బండి ఆపి తాళం తీశాను. వానకు గోదారి ఎర్రగా పారుతోంది. ఒడ్డున పంతులు చేయెత్తి రమ్మంటున్నాడు. చిన్నమ్మ తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది. ముందు ఫ్యాను గుయ్‌మంటూ తిరుగుతోంది. ఆమె కాలు మళ్లీ లోపలికి తీసుకుని, తలుపు దగ్గరికి వేసింది.

"ఆగు బిడ్డా" అంది. "ఆయాసం తీరనీ."

ఇద్దరం కూర్చున్నాం. ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది.